కూచిపూడి తెలియని వాళ్ళ ముందు కూచిపూడి: మైక్ పట్టుకునేవాడి గోల

మా చెల్లి బెజవాడ సత్యనారాయణపురంలో మేడ మీద పిల్లలకి కూచిపూడి నేర్పుతుంది. నాకు డాన్స్ రాదు, ఒక్క అడుగు కూడా తాళానికి పడదు, కానీ పదకొండేళ్ళుగా వాళ్ళ ప్రతి ప్రోగ్రాంలో మైక్ మాత్రం నాదే. "ఇప్పుడు మీ ముందుకు..." అని మొదలుపెట్టే మనిషి ఒకడు ఉంటాడు చూడండి, వాడు మాట్లాడేటప్పుడే అందరూ ఫోన్లు తీస్తారు, ఆ మనిషిని నేనే. అందుకే ఇదంతా డాన్సర్ వైపు నుంచి కాకుండా స్టేజీ పక్కన నిలబడి జనం మొహాలు చూసేవాడి వైపు నుంచి రాస్తున్నా.

మేము వెళ్ళే చోట్లు అన్నీ తుమ్మలపల్లి కళాక్షేత్రం లాంటి పెద్ద హాళ్ళేం కాదు. అపార్ట్‌మెంట్ సెల్లార్లు, మున్సిపల్ స్కూళ్ళు, వృద్ధాశ్రమాలు, ఆటోనగర్‌లో ఒక యూనియన్ హాలు, ఊరి బయట ఇంజనీరింగ్ కాలేజీ హాస్టళ్ళు, గుంటూరు వైపు జిల్లా పరిషత్ హైస్కూళ్ళు. అన్నిచోట్లా ఒకటే మాట వినపడుతుంది, "బాగానే ఉందండీ, కానీ క్లాసికల్ కదా, మాకేం అర్థమవుద్ది". దానికి మా వైపు నుంచి, అంటే కళాకారుల వైపు నుంచి, గ్రీన్ రూమ్‌లో వచ్చే జవాబు కూడా ఒకటే, "జనానికి టేస్ట్ పోయింది". ఈ రెండు మాటలూ పదకొండేళ్ళు విన్నాక నాకు రెండింటి మీదా నమ్మకం పోయింది.

ముందు నేను చేసిన వెధవ పని చెప్తా. మొదటి రెండు మూడేళ్ళు ప్రతి ఐటమ్‌కి ముందు ఏడు నిమిషాలు చదివేవాణ్ణి. కాగితం మీద రాసుకుని మరీ. స్వాధీనపతిక, విరహోత్కంఠిత, ఉద్దీపన విభావం, సంచారీ భావాలు... నాకే సగం తెలియదు, ఎవరో పెద్దాయన రాసిచ్చినది అలా చదివేయడమే. గుంటూరు దగ్గర ఒక హైస్కూల్లో ముందు వరసలో కూర్చున్న కుర్రాడు నా స్పీచ్‌లో నిద్రపోయాడు, పాపం డాన్స్ మొదలయ్యాక వాళ్ళ సార్ వచ్చి లేపాడు, వాడు ఉలిక్కిపడి లేచేసరికి ఎదురుగా సత్యభామ కళ్ళెర్రజేసి ఉంది. వాడు నిజంగానే భయపడ్డాడు. ఆ రోజు జనంలో సాత్వికాభినయం, అంటే లోపలి భావం ఒంటి మీదకి రావడం, పండించింది వాడొక్కడే.

తర్వాత ఒకసారి పని మీద కూచిపూడి వెళ్ళాం. బెజవాడ నుంచి పామర్రు మీదుగా 50-60 కిలోమీటర్లు ఉంటుంది, పక్కనే మొవ్వ, పదాలు రాసిన క్షేత్రయ్య ఊరు. అక్కడ అరుగు మీద కూర్చున్న ఒక పెద్దాయన నేనేం చేస్తానో అడిగితే చెప్పా, మైక్ పట్టుకుంటానండీ అని. ఆయన నవ్వి, "ఆ పని మాదేనయ్యా, మీరు మైక్ ఇచ్చి బయట నిలబెట్టారు" అన్నాడు. అప్పుడు నాకు అర్థం కాలేదు. ఇప్పుడు ఈ మొత్తం చిక్కుముడికి ఆ మాటే కొస అనిపిస్తుంది.

ఆయన అన్నది సూత్రధారుడి గురించి. పాత కూచిపూడి భాగవతం ఎలా ఉండేదో ఒక్కసారి ఊహించుకోండి. గుడి ముందో ఊరి మధ్యలోనో ఖాళీ జాగా, రాత్రంతా ఆట, కరెంటు లేదు, కాగడాలు. పాత్ర వచ్చేటప్పుడు కాగడా మీద గుగ్గిలం పొడి చల్లితే భగ్గుమని మంట లేచేది, లైటింగ్ అంతా అదే. ఇద్దరు మనుషులు తెర పట్టుకుంటారు. సత్యభామ అలక, విరహం కథగా ఆడే భామాకలాపంలో అయితే ఆవిడ ముందు మొహం చూపించదు, తెర మీద నుంచి జడ ఇవతలికి వేస్తుంది, నన్ను మించిన వాళ్ళుంటే రండి అన్నట్టు సవాలు. తర్వాతే "భామనే సత్యభామనే" అని ప్రవేశ దరువు, అంటే పాత్ర తన గురించి తనే చెప్పుకుంటూ వచ్చే పాట. ఆ పాడేది కూడా ఆడే మనిషే, అప్పట్లో ఆడవేషం వేసింది కూడా మగవాడే. పక్కన తాళాలు పట్టుకుని ఒకడు నిలబడి ఉంటాడు. వాడే సూత్రధారుడు. తాళం వేస్తాడు, పాడతాడు, కథ చెప్తాడు, అంతటితో ఆగకుండా సత్యభామ దగ్గరికెళ్ళి మాధవి అయిపోతాడు, కృష్ణుడి దగ్గరికెళ్తే మాధవుడు అయిపోతాడు. వేషం మార్చేది లేదు, గొంతు మార్చుకుంటే చాలు. సత్యభామ పెద్ద పెద్ద సంస్కృత సమాసాలతో విరహం వెళ్ళబోసుకుంటుంటే మాధవి మధ్యలో అడ్డుపడి, అసలు నీ బాధేంటమ్మా, మామూలు మాటల్లో చెప్పు అన్నట్టు అడుగుతుంది. జనం అడగాల్సిన ప్రశ్న జనం తరఫున వాడు అడుగుతున్నాడన్నమాట. కింద కూర్చున్న రైతుకి సంస్కృతం రాదని ఆ నాటకం కట్టినవాళ్ళకి తెలుసు, అందుకని అర్థం చెప్పేవాణ్ణి ఆటలోనే ఒక పాత్ర చేసి పెట్టారు.

నాట్యశాస్త్రంలో నాలుగు అభినయాలు చెప్తారు కదా, ఆంగికం (ఒళ్ళు), వాచికం, ఆహార్యం (వేషం), సాత్వికం (లోపలి భావం). మిగతా నృత్యాలతో పోలిస్తే కూచిపూడికి వాచికం ప్రాణం, అంటే నోటి మాట. మరి ఇవాళ మనం చూసే కూచిపూడిలో మాటేది? ఒక్క అమ్మాయి వస్తుంది, పాట పక్కన కూర్చున్న గాయని పాడుతుంది, చాలాసార్లు అది కూడా పెన్‌డ్రైవ్, ఇరవై నిమిషాల ఐటమ్, నమస్కారం, వెళ్ళిపోతుంది.

ఇలా అవడానికి కారణాలు చిన్నవేం కాదు, తప్పు పట్టడానికి కూడా లేదు. వేదాంతం లక్ష్మీనారాయణ శాస్త్రి గారు 20వ శతాబ్దం మొదటి సగంలో ఆడవాళ్ళకి నేర్పడం, ఒంటరిగా చేసే నృత్యంగా మలచడం మొదలుపెట్టారు. ఆ తలుపు తీయకపోతే మా చెల్లికి ఈ విద్య దక్కేదే కాదు. తర్వాత వెంపటి చినసత్యం గారు మద్రాసులో 1963లో కూచిపూడి ఆర్ట్ అకాడమీ పెట్టారు, సభల్లో ఆడటానికి కావలసిన నునుపు, శుద్ధి తెచ్చారు. ఇంకోటి, ఈ మధ్యలోనే కూచిపూడి అసలు శాస్త్రీయమా కాదా అన్న పంచాయితీ నడిచింది. 1958లో ఢిల్లీలో సంగీత నాటక అకాడమీ నృత్య సదస్సు పెడితే అక్కడ దీనికి దక్కాల్సిన మర్యాద దక్కలేదని మనవాళ్ళకి కడుపు మండి, 1959లో హైదరాబాదులో వేరే సదస్సు పెట్టుకున్నారు. నేననుకునేది ఏంటంటే, ఇది క్లాసికల్ అని నిరూపించుకోవాల్సి వచ్చినప్పుడు వీధి వాసన వచ్చేదాన్ని ఎవరైనా దాచేస్తారు, ఇంటికి పెళ్ళివారొస్తే పాత కుర్చీలు లోపల పడేసినట్టు. సూత్రధారుడి హాస్యం, పల్లె మాట, జనంతో పరాచికాలు, ఇవి ముందు లోపలికెళ్ళాయి. దానితో పాటు అర్థం చెప్పే దారి కూడా పోయింది. ఆ ఖాళీలో వచ్చి నిలబడ్డదే నా ఏడు నిమిషాల కాగితం.

సరే, ఇప్పుడు అసలు ముడి. "అర్థం కాలేదు" అన్న ఒక్క మాటలో కనీసం మూడు వేరు వేరు విషయాలు ఉంటాయి, అవన్నీ ఒకటే అనుకుని ఒకటే మందు వేస్తాం కాబట్టి పని చెయ్యదు.

భాష ఒకటి. ఊరి బయట కాలేజీ హాస్టల్లో చేసినప్పుడు సగం మంది బీహార్, జార్ఖండ్ పిల్లలు. వాళ్ళకి తెలుగు రాదు, కానీ అలిగిన ఆడది, బుజ్జగించే మగాడు, మధ్యలో కబుర్లు మోసే చెలికత్తె, ఇది వాళ్ళ పాటల్లో కూడా ఉన్నదే. హిందీలో రెండే రెండు లైన్లు చెప్పా, అంతే, మిగతాది వాళ్ళే పట్టుకున్నారు. ఒక అబ్బాయి మాత్రం చెయ్యెత్తి "రాధ తెలుసు, రుక్మిణి తెలుసు, ఈవిడెవరు?" అన్నాడు. మంచి ప్రశ్న. మనకి సత్యభామ పక్కింటావిడంత దగ్గర, కృష్ణుణ్ణి తన్నిందని కూడా చెప్పుకుంటాం, వేరే రాష్ట్రాల్లో ఆవిడకి అంత సీన్ లేదు.

కథ తెలియకపోవడం రెండోది, ఇది మన పిల్లల సమస్య. భాష వస్తుంది, కథ రాదు. ఇక్కడ హిందీ పిల్లలకి చెప్పినట్టు రెండు లైన్లు చాలవు. అందుకని చెల్లి స్కూళ్ళలో భామాకలాపం ఎత్తుకోదు, దశావతార శబ్దం అనే ఐటమ్ పెడుతుంది. చేప, తాబేలు, వరాహం, నరసింహం. ఇది ఏంటో చెప్పండి అంటే పిల్లలు అరుస్తారు, తప్పు చెప్పినా అరుస్తారు. తాబేలుని ఒకడు జేసీబీ అన్నాడు, ఆ చేతుల్ని ఒకసారి చూస్తే మీకూ అదే అనిపిస్తుంది.

మూడోది సంకేతాలు, మన మైక్ వాళ్ళందరం బోల్తా పడేది ఇక్కడే. ఇది కమలం, ఇది బాణం, ఇది నెమలి అని ముద్రలన్నీ డిక్షనరీలా చూపించేస్తాం, జనం తల ఊపుతారు, తీరా డాన్స్‌లో అదే చెయ్యి ఇంకోలా వాడేసరికి తికమక పడతారు. అభినయ దర్పణం అనే పాత నాట్య గ్రంథంలో ఒంటిచేత్తో పట్టే హస్తాలు, అంటే ముద్రలు, 28. అందులో మొదటిది పతాకం, నాలుగు వేళ్ళు కలిపి చాపి బొటనవేలు మడిచేది. ఆ ఒక్క చెయ్యే మేఘం, అడవి, రాత్రి, నది, గుర్రం, గాలి, నరకడం, వద్దనడం, అన్నిటికీ వాడమని శ్లోకంలోనే ఉంది. అర్థం చేతిలో కూర్చుని ఉండదు, చెయ్యి ఎటు కదిలింది, దాంతో పాటు కన్ను ఎటు పోయింది, ముందు ఏం జరిగింది, వీటిలోంచి పుడుతుంది. ఇప్పుడు మేము చేసేది ఏంటంటే పతాకం ఒక్కటే నేర్పి జనంతో పట్టిస్తాం. అదే చెయ్యి తలపైన ఊపండి, మబ్బు. కింద అలలా పోనివ్వండి, కృష్ణా నది. గట్టిగా దించండి, కత్తి. ఎదురుగా నిలబెట్టండి, ఆగు. ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే ఒకాయన గ్రీజు చేత్తో నాలుగూ చేసి, "అంటే స్పానర్ లాంటిదన్నమాట, సైజుని బట్టి కాదు, తిప్పేదాన్ని బట్టి" అన్నాడు. స్పానర్ పోలిక అంత కరెక్ట్ కాదేమో గానీ నా కాగితంలో ఏ లైనూ దానికి సాటి రాదు.

ముద్రలకీ సైగల భాషకీ సంబంధం ఉందని చాలామంది అనుకుంటారు, నేనూ అనుకున్నా. చెవులు వినపడని పిల్లల స్కూలుకి వెళ్ళేదాకా. మాకేదో వీళ్ళకే అందరికన్నా ఎక్కువ అర్థమవుతుందని ధీమా. వాళ్ళది పూర్తిగా వేరే భాష, దానికి దాని వ్యాకరణం ఉంది, మన ముద్ర వాళ్ళకి అక్షరాలు రానివాడు రాసిన రాతలా కనిపించింది, "ఆగు" ఒక్కటే కుదిరింది. అయినా వాళ్ళు ఆ రోజు మేము చూసిన జనంలోకెల్లా గొప్ప జనం. మొహం ఎలా చదివారంటే మా పిల్ల ఒకతి స్టెప్ మర్చిపోయి లోపల కంగారు పడింది, బయటికి నవ్వుతూనే ఉంది, అది పెద్దవాళ్ళెవరికీ తెలియలేదు, ఆ పిల్లలు మాత్రం పట్టేసి ఒకళ్ళనొకళ్ళు పొడుచుకున్నారు. స్టేజీ చెక్కబల్లలది కావడంతో కొందరు ముందుకొచ్చి అంచు మీద అరచేతులు ఆనించి జతుల (కాళ్ళతో వేసే తాళం వరసల) దెబ్బ చేత్తో విన్నారు. ఆ తర్వాత నుంచి ఏ స్కూల్లో అయినా ఒక వరస పిల్లల్ని బల్లలకి ఆనించి కూర్చోబెడుతున్నాం, చెవులున్న వాళ్ళని కూడా.

పళ్ళెం సంగతి కూడా మాట్లాడుకోవాలి, లేకపోతే మీరే అడుగుతారు. తరంగం. తల మీద నీళ్ళ చెంబు, కాళ్ళ కింద ఇత్తడి పళ్ళెం. ఎక్కడికెళ్ళినా, ఎవరి ముందైనా, చప్పట్లు దానికే. చిత్రం ఏంటంటే ఆ పాట నారాయణ తీర్థులవారి సంస్కృతం, మన తెలుగు డాన్సుల్లో భాషాపరంగా జనానికి అన్నిటికన్నా దూరంగా ఉండేది అదే. అంటే భాష రాకపోతే ఆనందించలేరు అన్న మాట అక్కడే తేలిపోయింది, పడిపోతుందేమో అన్న భయానికి అనువాదం అక్కర్లేదు. పెద్దవాళ్ళు కొందరు దీన్ని సర్కస్ అంటారు. నేను అంత మాట అనను, కానీ ఒకటి గమనించా, పళ్ళెం మొదటే పెడితే తర్వాత వచ్చే పదానికి, అంటే నెమ్మదిగా సాగే అభినయం పాటకి, ఎవరూ కూర్చోరు, చివర పెడితే దాని కోసమైనా కూర్చుని మధ్యలో పదం చూస్తారు, చూశాక కొందరు పదం బాగుందంటారు. సినిమా పాట సంగతీ ఇంతే. "ఒక్క సినిమా పాట వెయ్యండి మేడం, పిల్లలు కుదురుగా ఉంటారు" అని ప్రతి ప్రిన్సిపాలూ అడుగుతాడు. కూచిపూడికి సినిమా అంటరానిదేం కాదు, వేదాంతం రాఘవయ్య గారు, పసుమర్తి కృష్ణమూర్తి గారు ఆ ఊరి నుంచి వెళ్ళి సినిమాల్లో డాన్సులు కట్టినవాళ్ళే. చెల్లి మాత్రం వెయ్యదు. ఐటమ్స్ తగ్గిస్తుంది, ఆరు నుంచి మూడుకి, నిడివి కుదిస్తుంది, కానీ ఉన్న మూడిట్లో అరమండి (మోకాళ్ళు వంచి సగం కూర్చున్నట్టు నిలబడటం), తాళం, కాలం (వేగం) ఏదీ తగ్గించదు. తెలియని వాళ్ళే కదా అని పిల్లలు కాస్త లేచి నిలబడి ఆడితే ఇంటికొచ్చాక చీవాట్లు. తెలియని వాళ్ళకే అసలుది చూపించాలి, తెలిసినవాళ్ళు ఎటూ ఊహించుకుంటారు అంటుంది.

ఇక ఎవరూ స్టేజీ మీద మాట్లాడని విషయం. అర్థమవడం వేరు, నాది అనిపించడం వేరు. ఈ ఆట శతాబ్దాల పాటు కొన్ని బ్రాహ్మణ కుటుంబాల మగవాళ్ళ చేతిలో ఉంది. భామాకలాపాన్ని కలావంతుల ఆడవాళ్ళూ, అంటే ఆటపాటలే వృత్తిగా ఉన్న దేవదాసీ కుటుంబాల వాళ్ళూ, గొప్పగా ఆడారు, కానీ 1947లో మద్రాసు దేవదాసీ చట్టం వచ్చే నాటికే వాళ్ళ మీద చిన్నచూపు ఎంతగా పేరుకుపోయిందంటే, వాళ్ళ కళ మర్యాదస్తుల పిల్లల అరంగేట్రాల్లోకి వచ్చింది, వాళ్ళు మాత్రం రాలేదు. ఇది తెలిసిన మనిషి ఎదురుగా కూర్చుంటే మనం "ఇది మన అందరి సంస్కృతి" అని మైక్‌లో అనేస్తే వినడానికి బాగానే ఉంటుంది, ఆయన నవ్వుకుంటాడు. ఒకసారి ఒక కాలనీలో ప్రోగ్రాం అయ్యాక ఒక డిగ్రీ కుర్రాడు నేరుగానే అడిగాడు, మా తాతల్ని ఆ అరుగు ఎక్కనిచ్చేవాళ్ళా అన్నా అని. నా దగ్గర కాగితంలో జవాబు లేదు. ఎక్కనిచ్చేవాళ్ళు కాదు అనే చెప్పా. చెప్పాక ఇంకో గంట మాట్లాడుకున్నాం, వాళ్ళ చెల్లెలు ఇప్పుడు మా దగ్గరే నేర్చుకుంటుంది, అది వేరే సంగతి.

కథ ఎంచుకోవడంలో కూడా ఇది ఉంటుంది. వెంపటి వారు చండాలిక చేశారు, టాగోర్ రాసింది, అంటరానిదాన్నని కుంగిపోయిన పిల్ల దగ్గర బౌద్ధ భిక్షువు నీళ్ళు అడిగే కథ. అది ఏ దేవుణ్ణి మొక్కేవాళ్ళకైనా, మొక్కని వాళ్ళకైనా సూటిగా తగులుతుంది. వేరే మతం వాళ్ళున్న చోట నాకు ఉపయోగపడే ఇంకో ముక్క, కూచిపూడి ఊరిని ఆ కళాకారులకి అగ్రహారంగా ఇచ్చింది గోల్కొండ సుల్తాను అబుల్ హసన్ తానీషా అని చెప్పుకుంటారు కదా, అదే, రామదాసుని చెరసాలలో పెట్టిన తానీషానే. ఈ మాట చెప్పగానే వెనక వరసలో మనుషులు కాస్త ముందుకి వంగుతారు, నేను కళ్ళారా చూశా.

మిగతావి చిన్న చిన్న బాధలు, కానీ ప్రోగ్రాంలు చచ్చేది వీటివల్లే. ఆరింటికని చెప్పి ముఖ్య అతిథి ఏడున్నరకి వస్తాడు, జ్యోతి ప్రజ్వలన, పది శాలువాలు, పన్నెండు ఉపన్యాసాలు, ఈలోపు మేకప్‌తో ఉన్న పిల్లలు చెమటకి పారాణి కరిగి ఆకలికి ఏడుస్తుంటారు. కొత్తగా వచ్చిన జనం డాన్స్ అంటే ఇదేననుకుని ఇంటికి పోతారు. సిమెంటు నేల మీద ఆడిస్తే పిల్లల మోకాళ్ళు పోతాయి, చప్పుడు కూడా చచ్చిపోతుంది, ఆటోనగర్ వాళ్ళు మాత్రం అడక్కుండానే లారీ బాడీకి తెచ్చిన చెక్కలు పరిచారు. దూరం ఇంకోటి. కంటి అభినయం ఐదారు వరసలు దాటితే కనపడదు. 2016 డిసెంబర్లో మన ఇందిరాగాంధీ స్టేడియంలో ఆరువేల మందికి పైగా కలిసి గిన్నిస్ రికార్డుకి ఆడారు, మా పిల్లలు కూడా అందులో ఉన్నారు, గర్వంగానే ఉంది, కానీ గ్యాలరీలోంచి చూస్తే అది వరి చేను ఊగినట్టు ఉంది, ఒక్క కన్నూ కనపడలేదు. వాటికి అవి, వీటికి ఇవి.

ఇప్పుడు నేను మైక్ వదిలేశా. అంటే బయట నిలబడట్లేదు, తాళాలు పట్టుకుని (వెయ్యడం రాదు, పట్టుకోవడం వచ్చు) స్టేజీ మీదే ఒక మూల ఉంటా, చెల్లి సత్యభామగా వస్తే నేను మాధవి తరహాలో మధ్యమధ్యలో అడ్డం పడి ప్రశ్నలు వేస్తా. ఎదురుగా ఎవరుంటే వాళ్ళు అడిగేలాంటివి.

మొన్న వించిపేటలో ఒక స్కూల్ వార్షికోత్సవంలో అదే చేశాం. మాధవి సత్యభామని నీ భర్త పేరేంటి అని అడిగే ఘట్టం. ఆవిడ చెప్పదు, మొగుడి పేరు నోటితో ఎలా అంటాను అని సిగ్గుపడుతుంది, అలాంటివాడు ఇలాంటివాడు అని గుర్తులు చెప్తుంది, మాధవి తెలియనట్టు ఏడిపిస్తుంది. నేను జనం వైపు తిరిగి, చూశారా, ఇంత గొడవ చేస్తూ పేరు చెప్పదంట, మీలో ఎవరైనా ఇలా ఉన్నారా అన్నా. టీచర్లు నవ్వారు. మూడో వరసలో నల్ల బురఖాలో ఒక పెద్దావిడ, మనవడి కోసం వచ్చిందంట, లేచి నిలబడి, "నేను చెప్పనయ్యా. రేషన్ కార్డు రాసేవాడు పేరడిగితే పక్కింటామెను తీసుకుపోయి చెప్పించా" అంది. హాలు హాలంతా ఒకటే గోల. చెల్లి సత్యభామ మొహం అలాగే పెట్టుకుని, చెయ్యి పతాకంలో ఆపి, పాత్ర వదలకుండానే అడిగింది, "మరి ఆయన పేరేంటి పెద్దమ్మా?"

ఆవిడ బురఖా అంచు నోటికి అడ్డం పెట్టుకుని, పక్కన కూర్చున్న మనవణ్ణి భుజం పట్టి ముందుకి తోసింది.

"రేయ్, నువ్వు చెప్పు."